నువ్వడిగిన పేరు

చిలకలపూడి, బందరు
1959 డిసెంబరు

చిరంజీవి రాజారత్నానికి,

ప్రభువు పేరట దీవించి అమ్మ రాస్తున్న ఉత్తరం. నువ్వూ, కోడలు దయామణీ, పాపా ఆ ఖరగ్‌పూరు చలిలో ఆరోగ్యంగా ఉన్నారని నమ్ముతున్నాను. ఇక్కడ నా ఒళ్ళు బాగానే ఉంది. ఎస్తేరు పిన్నీ, వాళ్ళింట్లోవాళ్ళూ కులాసా. ఇదివరకు ప్రతి ఉత్తరంలోనూ ‘అందరం క్షేమం’ అని రాసేదాన్ని. ఈసారి ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

నువ్వు పంపిన పాప ఫోటో అందింది. బుగ్గలు దయామణివి, నుదురు మాత్రం మీ నాన్నగారిదే. పిన్ని దాన్ని వీధిలో నాలుగిళ్ళకూ తిప్పి చూపించి వచ్చింది. నా దగ్గు సంగతి అడిగావు, తగ్గింది. మీ పక్కింటి బెంగాలీ ఆవిడకు గిల్టు గాజులు కావాలని దయామణి రాసింది కదా, పిన్ని ఎదురింటివాళ్ళు చేసేది ఆ పనే. కొలత పంపమను. ముంజేతికి కాదు, వేళ్ళు దగ్గరగా ముడిచి పిడికిలికి దారం చుట్టి కొలవమను. లేకపోతే చేతికి ఎక్కవు.

ఉత్తరాలు తుమ్మలదిబ్బ నుంచి కాకుండా చిలకలపూడి నుంచి వస్తున్నాయేమని రెండుసార్లు అడిగావు. పిన్నికి ఒంట్లో బాగాలేక తోడున్నానని రాశాను. అది నిజం కాదు నాయనా. పిన్ని రాయిలా ఉంది. నేను బందరు వచ్చింది పెద్దాసుపత్రిలో ఉన్న బాజీకి అన్నం పట్టుకెళ్ళడానికి. దూదేకుల బాజీని నువ్వు మర్చిపోయి ఉండవు. చిన్నప్పుడు మీ అన్నదమ్ములిద్దరినీ చెరో భుజం మీద ఎక్కించుకుని పీర్ల పండగ చూపించిన మనిషి. మొన్న వేసవిలో పీర్ల చావిడి తగలబడి ఆయన చేతులు రెండూ కాలాయి. ఇప్పుడు ఆసుపత్రి నుంచి పంపించేశారు. ప్రాణానికి భయం లేదు.

ఇక తమ్ముడి సంగతి. వాడి దగ్గర నుంచి ఉత్తరం లేదేమని నువ్వు అడిగినప్పుడల్లా, సువార్త పని మీద ఊళ్ళు తిరుగుతున్నాడని రాస్తూ వచ్చాను. నువ్వు వేరే దారిలో తెలుసుకున్నావు. మీ వర్క్‌షాపులో కొత్తగా చేరిన గుడివాడ కుర్రవాడు, కృపానందం జైల్లో ఉన్నాడని నలుగురిలో అనేసరికి తల ఎత్తుకోలేకపోయానని రాశావు. అమ్మ చెప్పాల్సిన కబురు నీకు పరాయివాడి నోట చేరింది. అందుకు నువ్వు నన్ను ఎంత కోప్పడినా న్యాయమే.

నీ ఉత్తరం చివర ఒక ప్రశ్న వేశావు. ‘తమ్ముడి మీద సాక్ష్యం చెప్పింది ఎవరు? ఆ పేరు రాయి. నేను సెలవు పెట్టి వచ్చి వాళ్ళ గడపలో నిలబడి అడుగుతాను’ అన్నావు. పేరు రాస్తాను. కానీ ఒట్టి పేరు రాస్తే నీకేమీ తెలియదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఓపిక పట్టి చదువు.

తమ్ముడు గుడివాడ రైసుమిల్లులో పనిచేసే రోజుల్లో తాగుడుకు అలవాటుపడ్డ సంగతి నీకు తెలుసు. ఒకసారి మిల్లు గేటు ముందు పడిపోతే ఎవరో బండిలో వేసి పంపించారు. అలాంటివాడు, ఆ ఊళ్ళో ధనరాజు గారనే ఆయన డేరా వేసి నడిపే సభలకు వెళ్ళడం మొదలుపెట్టాక మనిషే మారిపోయాడు. కల్లు మానేశాడు. తెల్లబట్టలు కట్టాడు. పొద్దున్నే లేచి మోకరించి ప్రార్థన చేసుకునేవాడు. తుమ్మలదిబ్బ వచ్చి, మన పేటలో చదువు రానివాళ్ళను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించాడు. మునసబు శోభనాద్రి గారి వాకిట్లోకి వెళ్ళినప్పుడు కండువా భుజం మీద నుంచి తీయలేదని పెద్దవీధిలో గొడవ చేస్తే, వాడు గొంతు పెంచకుండా ‘మీరు వేసుకున్నట్టే నేనూ వేసుకున్నానండీ’ అన్నాడట. ఆ మాట విని నేను లోపల పొంగిపోయాను. మీ నాన్నగారు ముప్ఫయ్యేళ్ళు మన చర్చిలో ఉపదేశిగా పనిచేసి కూడా ఆ వాకిట్లో ఆ మాట అనలేకపోయారు. నా బిడ్డ నాకు దొరికాడని ఆ ఏడాది దేవుడికి ఎన్ని స్తోత్రాలు చెప్పుకున్నానో.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, వాడు చెడ్డవాడు కాబట్టి ఇలా అయిందని నువ్వు అనుకోకూడదు. మంచివాడవుతూ అవుతూ ఎక్కడ దారి తప్పాడో నేను కనిపెట్టలేకపోయాను.

ధనరాజు గారు మనూరికి వచ్చి పోవడం మొదలుపెట్టాక, ఒక్కొక్కటే వాడికి పాపంగా కనబడసాగింది. ముందు నా చేతి గాజులు. ‘ఇవి లోకం సొత్తమ్మా, తీసెయ్యి’ అన్నాడు. కొడుకు మాట కదా అని తీసేశాను. తర్వాత మీ మావయ్య ఇంట్లో అన్నం. నా తమ్ముడు వెంకటాద్రి బాప్తిస్మం తీసుకోలేదు, ఇంట్లో గంగానమ్మకు దీపం పెడతాడు. అయినా మీ ఇద్దరూ పుట్టినప్పటి నుంచి ఆ ఇంటికీ మనింటికీ తలుపు అనేది లేదు. అలాంటిది, వాళ్ళు పంపిన కూరగిన్నె వీడు వాకిట్లో పెట్టి, ‘విగ్రహాల ఇంటి తిండి మాకొద్దు, తీసుకుపొండి’ అన్నాడు. వెంకటాద్రి గిన్నె తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఒకరోజు నేను పేటలో ప్రార్థన ముగించుకుని ఇంటికి వచ్చేసరికి గోడ మీద మీ నాన్నగారి ఫోటో లేదు. మనకున్నది అదొక్కటే. దానికి కాగితంపూల దండ వేశానని, అదీ విగ్రహమేనని, తీసి కాలువలో వేశాడు. నేను అన్నం తినలేదు. వాడూ తినలేదు. నా కోసం ఉపవాసం ఉన్నానన్నాడు.

ఆ సంవత్సరం ఉప్పునీళ్ళు ఎగదన్ని మన పేటవాళ్ళ పొలాలు దెబ్బతిన్నాయి. ధనరాజు గారు సభలో నిలబడి, విశ్వాసులు పీర్ల ముందు తలలు వంచుతున్నందుకే ఈ శిక్ష వచ్చిందని, ఊళ్ళో ఆ చావిడి ఉన్నంతకాలం ఇది తప్పదని చెప్పాడు. నేను లేచి, ‘అయ్యా, ఆటుపోట్లు మాకు కొత్తా? మేం పుట్టకముందు నుంచీ ఉన్నాయి’ అన్నాను. బైబిలు స్త్రీగా ఇన్నేళ్ళు ఇంటింటికీ వాక్యం చెప్పి తిరిగినదాన్ని, ఆ మాత్రం అడిగే హక్కు ఉందనుకున్నాను. జవాబు ఆయన చెప్పలేదు. తమ్ముడే చెప్పాడు. ‘అమ్మా, కూర్చో. నీకు పాత మనుషుల భయం పోలేదు’ అన్నాడు. నలుగురూ నవ్వారు. నేను కూర్చున్నాను.

ఇప్పుడు ఆ రోజు సంగతి. దయామణికి నెలలు నిండుతున్నాయని నువ్వు రాశావు. పుట్టబోయే బిడ్డకు ఒక చిన్న పరుపు కుట్టించి పంపుదామని పాత దూది మూట కట్టుకుని బాజీ ఇంటికి వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. వేసవి కాబట్టి పెద్దవీధివాళ్ళంతా తలుపులు వేసుకుని పడుకున్నారు. బాజీ వసారాలో కూర్చుని దూది ఏకుతున్నాడు. ఆయన కూతురు సలీమా నాకు మజ్జిగ ఇచ్చింది. సలీమా బిడ్డ మున్నీకి నాలుగేళ్ళు. ఇంట్లో ఉక్కగా ఉందని ఆ పిల్ల పక్కనే ఉన్న చావిడిలోకి వెళ్ళి ఏకిన దూది కుప్ప మీద నిద్రపోయింది.

నేను కూర్చున్న చోట నుంచి చావిడి వెనక పక్క కనిపిస్తుంది. తమ్ముడు అటు నుంచి వచ్చాడు. నన్ను భోజనానికి పిలవడానికి వచ్చాడనుకున్నాను. చేతిలో సీసా ఉంది. వంగి, చూరు కింద చెయ్యి పెట్టి, మళ్ళీ లేచాడు. ఏదో పడిపోతే వెతుకుతున్నాడేమోనని నేను పిలవబోయాను. వాడు వెనక్కి చూడకుండా కాలువ వైపు నడిచి వెళ్ళాడు. ఆ నడక నాది రత్నం, వాడికి నడక నేర్పింది నేను. అది వాడు కాదని అనుకోవడానికి నాకు ఏ వీలూ లేదు.

అంతలోనే తాటాకు చిటపటలాడింది. సముద్రం మీద నుంచి గాలి వీస్తోంది. సలీమా ‘మున్నీ’ అని ఒక్క కేక పెట్టింది. బాజీ దూది ఏకే విల్లు అక్కడే పడేసి లోపలికి దూకాడు. పిల్లను ఎత్తుకుని వస్తుంటే వాసం విరిగి మీద పడబోయింది. దాన్ని వీపు మీద పడనిస్తే పిల్ల మీద పడుతుందని, ఒక చేత్తో పిల్లను పట్టుకుని రెండో చేత్తో ఆ మండుతున్న వాసాన్ని పట్టుకుని తోశాడు. పిల్లను నా ఒళ్ళో వేశాక దాని గౌనుకు అంటుకున్న దూది మంటను రెండు చేతులతో నలిపి ఆర్పాడు. మున్నీకి కాలి మీద కొంచెం బొబ్బలెక్కాయి, అంతే. బాజీ చేతులు మాత్రం నేను రాయలేను. పీర్ల పెట్టె, పీర్లకు కట్టే దట్టీలు, ఏడాది పొడుగునా ఏకి దాచిన దూది, అన్నీ బూడిదయ్యాయి.

ఇంటికి వెళ్ళేసరికి తమ్ముడు గోడకు ఆనుకుని కూర్చుని చదువుకుంటున్నాడు.

‘ఏం చేశావురా?’ అన్నాను.

‘చేయవలసింది చేశానమ్మా.’

‘లోపల మున్నీ పడుకుని ఉంది.’

వాడి మొహం పాలిపోయింది. పుస్తకం కింద పెట్టాడు. ‘ఉందా?’ అన్నాడు. నేను వాడి మొహంలోకే చూస్తూ నిలబడ్డాను. ఏడుస్తాడనుకున్నాను. లేచి పరిగెత్తుతాడనుకున్నాను. వాడు, ‘బతికింది కదా’ అన్నాడు.

‘బతికింది. బాజీ చేతులు పోయాయి.’

‘దేవుడు ఆ పిల్లను కాపాడాడంటే నేను చేసింది ఆయనకు ఇష్టమనే కదమ్మా’ అన్నాడు.

రత్నం, నీ తమ్ముడు ఆ మాట అన్నాడు. వాడి నోటితోనే అన్నాడు. నేను కన్నబిడ్డ ఎదురుగా ఉంటే, ఎవరో కొత్తమనిషి ఇంట్లోకి వచ్చి కూర్చున్నట్టు భయమేసింది. ‘పద, మునసబు గారి దగ్గరికి వెళ్దాం. నువ్వే చెప్పు, నీ వెంట నేను వస్తాను’ అన్నాను. రానన్నాడు. బతిమాలాను, చేతులు పట్టుకున్నాను. లోకపు అధికారుల ముందు తను నిలబడనన్నాడు.

మర్నాడు పొద్దున పోలీసులు వచ్చి మీ మావయ్యను తీసుకెళ్ళారు. అంతకుముందు వారం బాజీ దూడ వెంకటాద్రి బీరపాదు మేసిందని ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. వెంకటాద్రి కోపంలో నలుగురూ వింటుండగా ‘నీ కొంప తగలెడతాను’ అన్నాడు. ఊరంతా ఆ మాటే చెప్పింది. పేదవాడు, పేటవాడు, చదువు లేనివాడు. పోలీసులకు ఇంకేం కావాలి.

నేను తమ్ముడి దగ్గరికి పరిగెత్తాను. ‘మీ మావయ్యని స్టేషనులో కొడుతున్నారురా. ఆయన మీద పడింది. ఇప్పటికైనా వెళ్ళు’ అన్నాను. ధనరాజు గారు కూడా అక్కడే ఉన్నాడు. ఆయన ఏమీ తెలియనట్టు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. తమ్ముడు ఆయన వైపు ఒకసారి చూసి, నా వైపు తిరిగి, ‘వాళ్ళు మనవాళ్ళు కారమ్మా. మనవాళ్ళెవరో కూరగిన్నె తిప్పి పంపిన రోజే తేలిపోయింది’ అన్నాడు.

 చీర మార్చుకున్నాను. కాలువగట్టు వెంట నడిచి, స్టేషనుకు వెళ్ళి, లోపలికి పిలిచేదాకా వేపచెట్టు కింద కూర్చున్నాను. అక్కడ కూర్చుంటే మీ మావయ్య మూలుగు వినిపిస్తోంది. పిలిచాక లోపలికి వెళ్ళి, నేను చూసినది చెప్పాను.

నువ్వడిగిన పేరు అది. తమ్ముడి మీద సాక్ష్యం చెప్పినది నేను. రెండో సాక్షి లేరు. నేను చెప్పకపోతే వాడిని ఎవరూ పట్టుకునేవారు కాదు.

ఈ వాక్యం రాయడానికి ఇన్ని నెలలు పట్టింది. కాగితం మీద పెట్టాక నువ్వు ఎలా చదువుతావో ఊహించుకోలేకపోతున్నాను. అయినా మిగిలింది కూడా రాస్తాను.

కేసు బందరు కోర్టుకు వచ్చింది. నన్ను బోనులోకి పిలిచి బంట్రోతు నా చేతికి బైబిలు ఇచ్చాడు. అట్ట చినిగిన తెలుగు బైబిలు. నేను తమ్ముడికి అక్షరాలు నేర్పింది అలాంటి పుస్తకంలోనే. పేటలో మనకు వేరే పుస్తకం ఏముంది. దాని మీద చెయ్యి పెట్టి నిజమే చెబుతానని ప్రమాణం చేస్తుంటే వాడు ఎదురుగా నిలబడి నన్నే చూస్తున్నాడు. వాడి పెదాలు కదులుతున్నాయి. నా కోసం ప్రార్థన చేస్తున్నాడో, నా మీద చేస్తున్నాడో తెలియలేదు.

వాడి తరఫు వకీలు పూర్ణచంద్రరావు గారు మర్యాదస్థుడే. ‘అమ్మా, అబ్బాయి మీ మాట వినడం మానేశాడు. భర్త ఫోటో పారేశాడు. మీకు కోపం వచ్చింది. అవునా?’ అన్నారు.

‘వచ్చిందండీ.’

‘ఆ కోపంతోనే ఈ సాక్ష్యం చెబుతున్నారు.’

‘కోపమే అయితే ఇంట్లోనే నాలుగు తిట్టేదాన్ని బాబూ. ఇంతదూరం ఎందుకొస్తాను’ అన్నాను.

ఆయన కాగితాలు తిరగేసి కూర్చున్నారు. ధనరాజు గారిని కూడా పిలిచారు. ‘మా సభలకు వందలమంది వస్తారు, అందులో ఈ అబ్బాయి ఒకడై ఉండవచ్చు’ అన్నాడాయన. తమ్ముడు తల తిప్పి ఆయన వైపు చూసిన చూపు నేను చూశాను. మీ నాన్నగారు పోయినప్పుడు కూడా వాడి కళ్ళలో అంత దిక్కులేనితనం చూడలేదు. మూడేళ్ళు వేశారు. రాజమండ్రి పంపించారు.

నేను నిజం చెప్పాను కాబట్టి నలుగురూ మెచ్చుకున్నారేమోనని నువ్వు అనుకుంటావేమో. ఎవరూ మెచ్చుకోలేదు. మన పేటలో సగంమంది నా వైపు చూడడం మానేశారు. పెద్దవీధి కుర్రాళ్ళు, ‘వీళ్ళ చర్చి పీకేస్తే సరి’ అని గడ్డపారలు పట్టుకుని వచ్చారు. మునసబు గారు సర్ది పంపించేశారు గానీ, ఆ మాట ఇంకా ఊళ్ళో తిరుగుతూనే ఉంది. ఈసారి పీర్లు లేవలేదు. వెనకటిలా వినాయకచవితి పందిరికి బాజీ వాళ్ళను పిలవలేదు. ఒక్క నిప్పుపుల్ల ఎవరెవరినో విడదీసింది.

సలీమా నాతో మాట్లాడుతుంది. అన్నం క్యారేజీ తీసుకునేటప్పుడు ఒకరోజు ఉన్నమాట అనేసింది. ‘మీరు నిజం చెప్పారమ్మా, కాదనను. దానివల్ల మా నాన్న వేళ్ళు తిన్నగా అవుతాయా? మీ అబ్బాయికి మూడేళ్ళు. మా నాన్నకి ఎన్నేళ్ళు?’ అంది.  బాజీ మంచం మీద నుంచి, ‘ఊరుకోవే. వదినను కూర్చోమను’ అన్నాడు. వేళ్ళు లోపలికి ముడుచుకుపోయాయి. ఇక విల్లు పట్టలేడు. నేను అన్నం కలిపి ముద్దలు పెడుతుంటే మొదట్లో సిగ్గుపడేవాడు. ఒకసారి, ‘వదినా, చిన్నబాబుని నేను భుజాన మోశాను. వాడికి ఆ చావిడి మీద అంత కోపం ఎప్పుడొచ్చింది? నాకెప్పుడూ కనబడలేదే’ అన్నాడు. నాకూ కనబడలేదన్నాను.

అన్నిటికంటే నన్ను కుంగదీసింది మీ మావయ్య. స్టేషను నుంచి వదిలిన రోజు వాపెక్కిన పాదాలతో మనింటికి వచ్చాడు. వసారాలో కూర్చున్నాడు. ‘అక్కా, ఎందుకెళ్ళావు?’ అన్నాడు.

‘నిన్ను చంపేస్తారనుకున్నానురా.’

‘చంపేవోళ్ళు కాదు. ఇంకో రెండు రోజులు కొట్టి వదిలేసేవోళ్ళు. నేను ఓర్చుకునేవోణ్ణి.’

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. ఆ మధ్యాహ్నం తను కాలువగట్టు మీద గేదెలు కాస్తున్నాడట. తమ్ముడు వచ్చి సీసా నీళ్ళలో పారేసి, చేతులు కడుక్కోవడం చూశాడట. తర్వాత పొగ చూశాడు. అంతా తెలుసు. తెలిసి, ఆ దెబ్బలన్నీ తిని, వాడి పేరు చెప్పలేదు. ‘ఆడు నాతో మాటాడకపోయినా నా మేనల్లుడే కదక్కా’ అన్నాడు. ఆ పూట నా తమ్ముడి పాదాలకు కాపడం పెడుతూ నేను ఏడ్చినంతగా కోర్టులో కూడా ఏడవలేదు. నేను చేసింది తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. వెంకటాద్రి చేసిందీ తప్పని అనలేను. ఇద్దరం ఒకే తల్లి బిడ్డలం, చెరో దారిన ఒక పిల్లవాడిని పట్టుకున్నాం.

తమ్ముడిని చూడడానికి రాజమండ్రి వెళ్ళాను. మొదటిసారి బయటికి రానన్నాడు. వార్డరు వచ్చి, ‘ఎల్లిపోమంటున్నాడమ్మా’ అన్నాడు. తెచ్చిన సబ్బులు, తువ్వాలు ఇచ్చి వచ్చేశాను. రెండోసారి వచ్చాడు. చిక్కిపోయాడు. గడ్డం పెరిగింది. నేను కమ్మీలు పట్టుకుంటే వాడు దూరంగా నిలబడ్డాడు.

‘ధనరాజు గారు వచ్చారా?’ అన్నాను.

‘రాలేదు’ అన్నాడు. ‘రాజమండ్రిలోనే సభలు పెట్టారట’ అన్నాడు.

 మావయ్య సంగతి చెప్పాను. కాలువగట్టు మీద చూసిన సంగతి, చూసి కూడా స్టేషనులో నోరు విప్పని సంగతి. వాడు నమ్మలేదు. ‘మావయ్యకి తెలియదు. తెలిస్తే చెప్పేవాడే. నేను ఆయన్ని అన్ని మాటలన్నాను’ అన్నాడు. ‘సీసా ఎడమచేత్తో విసిరావట, చేతులు కడుక్కుని మొహం కూడా కడుక్కున్నావట’ అన్నాను. అది వాడికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

వాడు అక్కడే కింద కూర్చుండిపోయాడు. తల మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. వీపు కదులుతోంది గానీ చప్పుడు లేదు. వార్డరు టైమైందన్నాడు. నేను కదల్లేదు. ఆ వార్డరు మంచివాడు, అటు తిరిగి నిలబడ్డాడు.

చాలాసేపటికి లేచి కమ్మీల దగ్గరికి వచ్చాడు. బాజీ చేతుల సంగతి అడిగాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మున్నీ కాలు నయమైందా అని అడిగాడు. నయమైందన్నాను. దేవుడి మాట ఎత్తలేదు. తను చేసింది తప్పని కూడా అనలేదు. ఆ మాట వాడి నోట రావడానికి ఇంకా ఎన్నాళ్ళు పడుతుందో నాకు తెలియదు, తొందరపెట్టను. వెళ్ళేముందు మాత్రం, ‘మావయ్య వస్తాడా, నేను రమ్మంటే?’ అన్నాడు.

‘అడిగి చూస్తాను’ అన్నాను.

ఊరికి వెళ్ళి వెంకటాద్రికి చెప్పాను. వాడు పలుపుతాడు పేనుకుంటూ తల ఎత్తలేదు. ‘రైలు ఎన్నింటికి?’ అని మాత్రం అడిగాడు.

క్రిస్మసు వెళ్ళాక ఇద్దరం కలిసి రాజమండ్రి వెళ్తున్నాం. ఆ తర్వాత నేను తుమ్మలదిబ్బలోనే ఉంటాను. ఇక మీద ఉత్తరాలు ఆ అడ్రసుకే రాయి. పేటలో మాట్లాడేవాళ్ళు మాట్లాడతారు, మాట్లాడనివ్వు. బాజీ ఇంటికి అన్నం తీసుకెళ్ళాలి, సలీమా ఒక్కతే అన్నీ చూసుకోలేదు.

నీకు సెలవు దొరికితే నువ్వూ రా నాయనా. ముగ్గురం కలిసి వెళ్దాం. తమ్ముడు నీ పేరు ఎత్తలేదు. అన్న తెలుసుకున్నాడని చెప్పినప్పుడు మాత్రం చొక్కా అంచు మడత పెట్టుకుంటూ నిలబడ్డాడు, చిన్నప్పుడు నీ పలక పగలగొట్టి నిలబడ్డట్టు. రావడానికి వీల్లేకపోతే వాడికి ఒక కార్డు ముక్క రాయి. నా మీద నీకు కోపం ఉండవచ్చు. దాన్ని నాకు రాయి, ఎంత ఉంటే అంతా రాయి, చదువుతాను. వాడికి రాసేటప్పుడు మాత్రం వాడి అన్నగా రాయి.

దయామణికీ, పాపకూ నా ముద్దులు.

ఇట్లు,
మీ ఇద్దరికీ అమ్మ,
రాజమ్మ